రేపటి బండికి పంపండి
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని చెప్పిన తీర్పు అది. దాని గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. అందుకని నా సర్వీసులో నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

1979 నాటి మాట. సింగిల్ లైను మీద చిన్న స్టేషను. పన్నెండు గంటల డ్యూటీ. వరుసగా రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. నాలుగు రోజులు లీవు పెట్టమని ఇంట్లో పోరుతూనే ఉన్నారు. నేను లేకపోతే స్టేషను నడవదని నా నమ్మకం. అప్పటికే అన్నం రుచించడం లేదు. కంట్రోలు ఫోను మోగితే చాలు, ఒళ్లు మండేది. ఇంటికి వస్తే పిల్లలు పక్కగదిలోకి తప్పుకునేవారు.

ఒక తెల్లవారుజామున గూడ్సు బండి హోం సిగ్నల్ దగ్గర ఆగిపోయి కూత వేసింది. చూస్తే పాయింట్లు పెట్టలేదు. పాయింట్స్‌మన్‌ని పిలిచి నోటికి వచ్చినట్టు తిట్టాను. అతను తలవంచుకుని వెళ్లి పని చేశాడు. బండి వెళ్లిపోయాక కూడా నా కోపం చల్లారలేదు. 3-20కే పాయింట్లు పెట్టమని చెప్పానని, అతని నిర్లక్ష్యం వల్లే బండి ఆగిందని రెండు పేజీల రిపోర్టు రాశాను. పొద్దుటి పాసింజరు గార్డు చేత డివిజన్ ఆఫీసుకు పంపాలని కవరులో పెట్టాను.

నన్ను రిలీవ్ చేయడానికి వచ్చినాయన నాకంటే పదిహేనేళ్లు సీనియరు. రిపోర్టు చదివి, తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు. "రేపటి బండికి పంపండి మాస్టారూ. ఇది నిజమైతే రేపు కూడా నిజమే కదా!" అన్నారు. కవరు సొరుగులో పెట్టి ఇంటికి పోయి పడుకున్నాను.

సాయంత్రం డ్యూటీకి వచ్చి స్టేషన్ డైరీ తెరిచాను. పాయింట్లు పెట్టమని చెప్పిన టైము నా చేతి వ్రాతతోనే ఉంది. 3-31. పక్క స్టేషన్లో బండి బయలుదేరిందన్న కబురు నాకు అందింది 3-18కి. మధ్యలో పదమూడు నిమిషాలు. అవి ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కునికాను. ముందే చెప్పానని నమ్మి, ఆ నమ్మకంతోనే రిపోర్టు రాశాను.

పాయింట్స్‌మన్ దగ్గరకు వెళ్లి అడిగాను. "రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాను మాస్టరుగారూ. లేపితే కోప్పడతారని వెనక్కి వెళ్లాను" అన్నాడు. నన్ను లేపవలసిన మనిషిని నా కోపమే గుమ్మం దగ్గర ఆపేసింది. సిగ్నల్ ఎర్రగా ఉండబట్టి ఆ రాత్రి ఏమీ జరగలేదు. రిపోర్టు చింపేశాను. బండి ఆగినందుకు కారణం నా మీదే రాసుకుని పైకి పంపాను. మందలింపు వచ్చింది. వారం రోజులు లీవు పెట్టాను. స్టేషను మాత్రం నడుస్తూనే ఉంది!

మిత్రులారా, పట్టా బలహీనంగా ఉన్నచోట బండిని మానెయ్యరు, నెమ్మదిగా నడుపుతారు. దానికి స్టేషన్ మాస్టరు డ్రైవరుకు కాషన్ ఆర్డరు రాసిచ్చి సంతకం తీసుకుంటాడు. దారిలో ముందు హెచ్చరిక బోర్డు, తర్వాత వేగం అంకె వేసిన బోర్డు ఉంటాయి. ఆ చోటు దాటాక పాసింజరు బండికి ఒకటి, గూడ్సుకు ఒకటి వేరుగా బోర్డులు పెడతారు. గూడ్సు పొడుగు ఎక్కువ కనుక దాని బోర్డు ఇంకా దూరంగా ఉంటుంది. ఇంజను దాటితే చాలదు, చివరి పెట్టె కూడా దాటాకే వేగం అందుకోవాలి. ఇంటి యజమానికీ, ఆఫీసులో పదిమంది మీద అధికారికీ ఇదే వర్తిస్తుంది. మనం గండం దాటామనుకుంటాం. మన వెనకాల ఉన్నవాళ్లు ఇంకా ఆ మెత్తటి పట్టా మీదే ఉంటారు.

ఆ రోజుల్లో నా స్థితికి పేరేమిటో నాకు తెలియదు. ఇప్పుడు దాన్ని 'బర్న్ అవుట్' అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనిని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చింది. లక్షణాలు మూడు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద విముఖత, పని సరిగా చేయలేకపోవడం. ఆ మూడూ నాలో ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు కనిపించాయి, నాకే కనిపించలేదు.

మన పిల్లలకు ఈనాడు పొద్దుటి పాసింజరు దాకా ఆగే పని కూడా లేదు. కోపంలో రాసింది వేలు తగిలితే చాలు, అవతలివాళ్లకు చేరిపోతుంది. కనుక వారికి నేను చెప్పేవి మూడే. కోపంలో రాయండి, కానీ ఒక రాత్రి నిద్రపోయాక చదివి పంపండి. తగాదాలో మీ జ్ఞాపకాన్ని నమ్మే ముందు రికార్డు చూడండి. లీవు అడగడం చేతకానితనం అనుకోకండి.

మనబోటి పెద్దలకు ఒక మాట. అబ్బాయో, కోడలో, అల్లుడో అలసిపోయి ఇంటికి వస్తే, "మా రోజుల్లో మేము చెయ్యలేదా" అనకండి. చేశాం. ఎలా చేశామో ఇప్పుడే చెప్పాను కదా!