తొమ్మిదో ప్రశ్న తర్వాత

మానసిక ఆరోగ్య యాప్‌లను బేరీజు వేయడం ఎలా అన్న చర్చ మన రంగంలో మొదలై పదేళ్లు దాటింది. కొలమానాలకు లోటు లేదు. క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2015లో తెచ్చిన మార్స్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నమూనా, జాన్ టోరస్ బృందం డేటాబేసు మీకు తెలిసినవే, మళ్లీ వర్ణించను. నేను ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్ననే అధ్యక్ష స్థానం నుంచీ అడుగుతాను. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అని అడిగేది. ఒక మనిషి రాత్రి రెండింటికి ఫోనులో దానికి ‘దాదాపు రోజూ’ అని నొక్కితే ఆ తర్వాత ఏమవుతుంది? ఆ జవాబు ఎవరికి చేరుతుంది, ఎంతసేపట్లో చేరుతుంది? యాప్ విలువ ముందు ఇక్కడ తేలాలి, మిగతావన్నీ తర్వాత.

ఇది అతిశయోక్తి అనేవారు మార్కులు వేసే పద్ధతిని ఒకసారి చూడాలి. మార్స్‌లో 23 ప్రశ్నలున్నాయి. ఆకర్షణ, పనితీరు, అందం, సమాచార నాణ్యత అని విభాగాలు చేసి సగటు తీస్తారు. హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేస్తే మోగుతుందా అన్న ప్రశ్న ఆ 23లో లేదు. ఆత్మహత్య నివారణకూ డిప్రెషన్‌కూ ఉద్దేశించిన 69 యాప్‌లను 2019లో ఒక బృందం పరిశీలించింది. నివారణ మార్గదర్శకాలు చెప్పే ఆరు పద్ధతులూ వాటిలో ఐదింటిలోనే ఉన్నాయి. కొన్ని యాప్‌లు ఇచ్చిన సహాయ నంబర్లు తప్పు, లేదా అసలు లేనివే. ఆ యాప్‌లలో పది లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయినవీ ఉన్నాయి. రంగులకూ బొమ్మలకూ పడ్డ మార్కుల కింద పని చేయని నంబరు కనబడకుండా పోయే లెక్కను నేను మూల్యాంకనం అనలేను. అయినా మన పత్రికలకు ఇప్పటికీ అలాంటి పత్రాలే ఎక్కువ వస్తున్నాయి. యాప్ స్టోర్‌లో వెతికి, కొన్ని పదుల యాప్‌లు దించుకుని, ఇద్దరు విద్యార్థుల చేత మార్కులు వేయించి, ఇద్దరి మార్కులూ ఎంత కలిశాయో పట్టిక ఇస్తారు. ఇద్దరూ ఒకే మార్కు వేసినంత మాత్రాన వేసింది సరైన విషయానికేనని రుజువు కాదు. సులువైనది గనుక ఈ దారి పట్టినవారిలో మన రంగంలోని పెద్దలూ ఉన్నారని విచారంతో చెబుతున్నాను.

ట్రయళ్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని నేను గౌరవిస్తాను. డిప్రెషన్ యాప్‌లపై 18 ట్రయళ్లను 2017లో ఫర్త్ బృందం కలిపి చూసింది. ఏ చికిత్సా లేనివారితో పోల్చినప్పుడు ప్రభావం 0.56. మరో వ్యాపకం ఇచ్చినవారితో పోల్చితే 0.22. సగానికి పైగా ఎందుకు తగ్గిందన్నది తేల్చకుండా పెద్ద అంకెనే ప్రకటనల్లో వాడుకోవడం న్యాయం కాదు. పైగా ట్రయల్లో చేరినవారిని పరిశోధకులు గుర్తుచేస్తూ ఉంటారు. బయట అలా చేసేవారుండరు. 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకాన్ని బౌమెల్ బృందం లెక్క తీస్తే, ముప్పయ్యో రోజుకు నిలిచినవారి మధ్యగత శాతం 3.3. నూటికి మిగిలిన తొంభై ఆరు మందికి పైగా తగ్గి వెళ్లారా, విసిగి వెళ్లారా, మరింత కుంగి వెళ్లారా? ఏ కొలమానమూ చెప్పదు. వోబాట్ చాట్‌బాట్‌కు పేరు తెచ్చిన 2017 ట్రయల్ 70 మంది యువతీయువకులతో రెండు వారాలు సాగింది. ఆ యాప్ 2025 జూన్ 30న మూతపడింది. అంతదాకా దానితో మాట్లాడుకున్నవారిని ఎవరికి అప్పగించాలన్నది కూడా మూల్యాంకనంలో భాగమే, మనం దాన్ని ఎన్నడూ భాగం చేయలేదు.

జవాబు వైద్యుడికి చేరకపోయినా, యాప్ లోపలి సమాచారం మరో దారిలో బయటికి పోతూనే ఉంది. డిప్రెషన్‌కూ పొగతాగడం మానడానికీ ఉన్న 36 యాప్‌ల నుంచి బయటికి వెళ్లే సమాచారాన్ని 2019లో ప్రచురించిన అధ్యయనంలో హకవేల్, టోరస్, లార్సెన్ గమనించారు. 29 యాప్‌లు ప్రకటనలకో విశ్లేషణకో గూగుల్‌కు, లేదా ఫేస్‌బుక్‌కు సమాచారం పంపుతున్నాయి. వాటిలో చాలా వరకు ఆ మాట గోప్యతా పత్రంలో చెప్పలేదు. ప్రభుత్వ ముద్ర వేస్తే ఇది ఆగుతుందనుకుంటే, బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఆమోదించిన 79 యాప్‌లనే హకవేల్ బృందం అంతకుముందు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. గుర్తింపు వివరాలు ఇంటర్నెట్‌లో పంపేవాటిలో మూడింట రెండు వంతులు ఎన్‌క్రిప్షన్ లేకుండానే పంపుతున్నాయని తేలింది. ఆ ఏడే ఆ జాబితా మూతపడింది. ముద్ర ఒకసారి వేసి వదిలేస్తే చాలదు, యాప్ ప్రతి అప్‌డేట్‌తోనూ మారుతుంది.

నా వాదానికి రెండు గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది, తొమ్మిదో ప్రశ్నకు అవునన్నవారిలో చాలామందికి తక్షణ ప్రమాదం ఉండదని. నిజమే. అందుకే అక్కడ అల్గారిథం కాదు, విని విడమర్చగల మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టలేని చోట తొమ్మిదోది తీసేసి పీహెచ్‌క్యూ-8 వాడే పద్ధతి సర్వేల్లో ఎప్పటినుంచో ఉంది. అడిగితే స్పందించే బాధ్యత వస్తుందని ఆ పద్ధతే ఒప్పుకుంటోంది. రెండోది, మన దేశంలో అంతమంది మనుషులు ఎక్కడున్నారని. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన చికిత్స అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. లేనిదానికంటే యాప్ నయం కదా అంటారు. ఈ మాటకు జవాబు మన గడ్డ మీదే దొరికింది. నాటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పథకంలో యాప్‌ను రోగి చేతికిచ్చి వదిలేయలేదు. ఆశా కార్యకర్త ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగింది, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరికి పంపింది, వెళ్లారో లేదో మళ్లీ చూసింది. గుర్తించినవారిలో వైద్య సేవ వాడుకున్నవారు 0.8 నుంచి 12.6 శాతానికి పెరిగారు. అది ముందూ వెనకా పోలికే, కంట్రోల్ గ్రూపు లేదు, నేనూ ఒప్పుకుంటాను. తర్వాత ఆంధ్రప్రదేశ్, హరియాణాల్లో 44 ఆరోగ్య కేంద్రాలతో క్లస్టర్ ట్రయల్ కూడా పెట్టారు. జవాబు చేరే మనిషి ఉన్న యాప్‌ను పల్లెలోనూ నడపవచ్చని అక్కడ కనబడింది. మన యాప్ మూల్యాంకన పత్రాల్లో ఈ పని ఎంత తక్కువగా కనిపిస్తుందో మీరే చూడండి.

2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 దేశమంతటా ఒక్కటే. కాబట్టి మన భాషల్లో వచ్చే ప్రతి యాప్‌లోనూ తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆ నంబరు ఉందా, నొక్కితే కలుస్తుందా, తెలుగులో మాట్లాడేవారు దొరుకుతున్నారా అన్నది ఎవరైనా పరీక్షించవచ్చు. దానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఆరు నెలలకోసారి మళ్లీ చేయాలి. ఇలాంటి తిరుగు తనిఖీలను కొత్తదనం లేదని వెనక్కి పంపవద్దని సంపాదకులను కోరుతున్నాను. పీజీ విద్యార్థులకు థీసిస్ అంశంగా ఇవ్వమని ఆచార్యులను కోరుతున్నాను. వచ్చే సమావేశానికి సగటు మార్కుల పట్టికలు కాక ఈ తనిఖీల ఫలితాలు తీసుకురండి.