మూసీ ఒడ్డున ఆకుకూరల సాగు



వసంతకాలపు ఉదయమున పురానాపూల్ నుండి మూసీ వెంబడి నడచిన, ఏటికంటె ముందు వాసన తగులును. 1908 సెప్టెంబరు 28న నగరమును ముంచిన ఏరు ఇదే. పిదప ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మించిరి. నేడు ఎండాకాలమున దిగువకు పారునది చాలవరకు మురుగే.

ఆ నీటితో దిగువ పల్లెలలో పశువులకు పారాగడ్డి, మనుష్యులకు తోటకూర, పాలకూర పండించుచున్నారు. వారిని తప్పుపట్టుట సులభము. ఏడాది పొడుగునా పారు నీరు మరెక్కడ దొరకును?

ఈ నీటిలో నత్రజని ఉన్నది గనుక యూరియా తగ్గించవలెను. మడి నిండుగా పెట్టక బోదెలు పోసి కాలువలలో పారించినచో ఆకు తడవదు. కోతకు వారము ముందు మురుగునీరు ఆపి బావినీరు పెట్టినచో, ఎండకు ఆకుమీది క్రిములు చాలవరకు నశించును. ఏటి పక్క బావి అయినచో ఆ నీటిని కూడ పరీక్ష చేయించవలెను. కోసిన కూరను మాత్రము కాలువలో కడుగరాదు. ఫ్యాక్టరీల నీరు కలియుచోట ఆకుకూరలు మాని మల్లె, చామంతి వేయుట మేలు. సీసము వంటి లోహములు కడిగినను, వండినను పోవు.

మడిలో దిగునపుడు రబ్బరు బూట్లు తొడుగవలెను. కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మము గుండా శరీరములో ప్రవేశించును.