జెద్దా ఎంత దూరం?

ఉర్దూ మీడియం పంతుల్ని, నా తెలుగును మన్నించాలి.

శంషాబాదు నుండి జెద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా పోతే దాదాపు 6 గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. కనుక ఇక్కడ ఉదయం 10కి ఎక్కినవారు అక్కడ ఒంటిగంటన్నరకే దిగుతారు. టిక్కెట్టు చూసి మూడున్నర గంటల ప్రయాణమే అనుకోరాదు.

తిరుగు ప్రయాణంలో తారీఖే మారుతుంది. అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడికి మరునాడు తెల్లవారి 6 ప్రాంతాన చేరతారు.

మా తమ్ముడు ఫోనులో ఎక్కే తారీఖే చెప్పాడు. అమ్మీజాన్ ఆ తెల్లవారే ఎయిర్‌పోర్టుకు పోయి, వాడు కనబడక ఏడ్చింది. వాడింకా అక్కడ పెట్టె సర్దుకుంటున్నాడు!

అందుచేత అన్నలారా, దిగే తారీఖు కూడా అడిగి రాసుకోండి. ఖుదా హాఫిజ్.