మల్లవిద్యయు మన గ్రామములును



సంక్రాంతి నాళ్లలో గాని, గ్రామదేవతల జాతరలలో గాని మన శ్రీకాకుళపు పల్లెలలో సంగిడి రాయి ఎత్తు పందెములు చూడనివారు అరుదు. రాయిని తలమీది కెత్తిన యువకునకు నలుదెసల కేకలు, ఈలలు. పిదప ఒక పంచె, కొంత పైకము. అంతటితో ఆ ముచ్చట ముగియును. ఆ బలమునే వృత్తిగా గైకొన్నవాని బ్రతుకు ఎట్లుండునో, దాని వెనుక ఎవరెవరి చేయి యుండునో, అది సడలిననాడు వాని గతి ఏమో మనము తలపోయుట తక్కువ. నేడు మీతో ముచ్చటింప దలచినది ఆ సంగతియే.

ఈ వృత్తిలో మన ప్రాంతమున మొట్టమొదట తలపవలసిన పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది. ఆయన పుట్టిన ఊరు వీరఘట్టము. చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన గ్రామమది. పసితనముననే తల్లిని కోల్పోయిన ఆ బాలుడు విజయనగరమున పినతండ్రిగారి చెంత పెరిగెను. చదువు మీదికన్న సాము మీదికే మనసు పోయెను. పినతండ్రిగారు ఆ పట్టుదలను గుర్తించి, మదరాసునందలి సైదాపేటకు వ్యాయామ శిక్షణకై పంపిరి. తిరిగివచ్చి విజయనగరపు పాఠశాలలో డ్రిల్లు మాష్టరుగా నుండెను. జగత్ప్రసిద్ధుడైన బలశాలి తొలి జీవనము బడిపిల్లలకు కసరత్తు నేర్పుట యని మనము మరువరాదు.

అట్టి దేహము ఇంటిలో కూర్చుండిన తయారగునది కాదు. దానికి తాలింఖానా కావలెను. నాలుగు గోడలు, పైన కప్పు, నడుమ గోదా. ఇంతే దాని సంపద. గోదాలోని మన్నును రాళ్లు లేకుండ జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తపరతురు. ప్రతిదినము దానిని పారతో త్రవ్వి తిరుగవేయవలెను. శిష్యునకు మొదటి కసరత్తు అదియే. పిదప దండీలు, బస్కీలు, గదలు త్రిప్పుట, తరువాతనే పట్టులు. ఎదిరి మెడ ఎట్లు వంచవలయునో నేర్పుటకు ముందు, ఎదిరికి దెబ్బ తగులకుండ ఎట్లు పడవేయవలయునో వస్తాదు నేర్పును. గోదాలో దిగునపుడు మన్ను కన్నుల కద్దుకొనుట, పెద్దలకు నమస్కరించుట వట్టి ఆచారములు కావు. చేతిలో బలమున్నవానికి మొదట అలవడవలసినది అణకువ యని ఆ విద్య యొక్క తాత్పర్యము.

ఇక తిండి మాట. పాలు, నెయ్యి, బాదముపప్పు లేనిదే ఆ కసరత్తు నిలువదు. కూలివాని బిడ్డ దానిని సొంతముగా భరింపజాలడు. కనుకనే పూర్వము మల్లుని వెనుక ఒక రాజో, జమీందారో ఉండెడివాడు. ఉత్తర హిందూస్థానమున గామా పహిల్వాను జీవితము ఇందుకు నిదర్శనము. దతియా, పటియాలా సంస్థానములు ఆయనను పోషించినవి. 1910లో ఆయన లండను వెళ్లినపుడు, ఎత్తు చాలదని అక్కడివారు మొదట పోటీలో చేర్చుకొనలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన పోలండు దేశపు జిబిస్కోతో కుస్తీ జరిగెను. జిబిస్కో నేలకు కరచుకొని బోర్ల పడుకొని, రెండు గంటలకు మించి లేవలేదు. ఆనాడు గెలుపు తేలలేదు. మరల వారము దినములకు నిర్ణయించిన కుస్తీకి అతడు రాలేదు. విజయచిహ్నమైన పటకా గామాకు దక్కెను. 1928లో పటియాలాలో ఆ ఇరువురును మరల తలపడగా, ఒక నిమిషమైన గడువకముందే గామా అతనిని వెల్లకిల పడవేసెను.

రామమూర్తిగారి మార్గము వేరు. ఆయన రాజుగారి కొలువునే నమ్ముకొనక, టిక్కెట్టు కొని చూచు జనమును నమ్ముకొనెను. 1880లో మహారాష్ట్రుడు విష్ణుపంత్ ఛత్రే సర్కసు స్థాపించిన పిమ్మట ఆ వ్యాపారము మన దేశమున వ్యాపించియుండెను. రామమూర్తిగారును స్వయముగా సర్కసు కంపెనీ పెట్టి ఊరూర డేరా వేసెను. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి త్రెంచుట, ఎదపై ఏనుగును నిలుపుకొనుట, గొలుసులు కట్టిన మోటారు కార్లను కదలనీయక పట్టుట ఆయన ప్రదర్శనలలో ముఖ్యములు. కలియుగ భీముడని జనులు కీర్తించిరి. ఆయన శాకాహారి యని వినగా నేటివారికి వింత తోచును.

ఈ పనులు గారడి కావు, మంత్రమును కాదు. ఏనుగును ఎక్కించునపుడు ఎదపై దళసరి చెక్క పరతురు. ఆ చెక్క బరువును ఒక్కచోట పడనీయక వెడల్పుగా పంచును. గాలి నిండార బిగపట్టిన రొమ్ము తిత్తివలె గట్టిపడి, ఎముకలను కాపాడును. కారును పట్టుటలోను గొలుసు ముందుగనే బిగువుగా నుండవలెను. బండి వేగ మందుకొన్న తరువాత దానిని నిలుపుట మానవునకు శక్యము కాదు. ఉపాయమున్నంత మాత్రమున అపాయము లేకపోలేదు. ఒకమారు చెక్క విరిగి ప్రక్కటెముకలు విరిగి, ఆయన చాలకాలము మంచము పట్టెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ప్రతిరాత్రియు ప్రాణమును ఒడ్డి, మరునాడు డేరాలోని మనుష్యులకును మృగములకును తిండి సంపాదింపవలెను. ఆ వృత్తి యొక్క బరువు ఏనుగు బరువుకన్న తక్కువ కాదు.

వారి తుదిదినములు మనము శ్రద్ధగా వినవలసినవి. రామమూర్తిగారు విశేషముగా ఆర్జించెను. ఆర్జించినది దానధర్మములకు వెచ్చించెననియు ప్రసిద్ధి. పిదప రాచపుండు లేచి, ఏనుగును మోసిన ఆ దేహమునకు కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో, పుట్టిన గడ్డకు దూరముగా, ఒరిస్సాదేశమున కన్నుమూసెను. గామా 1947 విభజన పిమ్మట పాకిస్థానమున నుండిపోయెను. పోషించిన సంస్థానములు పోయినవి. వ్యాధియు లేమియు చుట్టుకొనినవి. 1960లో లాహోరున మరణించెను. బలము ఉన్నంతవరకు వేలమంది చూచిరి. బలము పోయిన తరువాత చూచినవారు కొలదిమంది. ఎద్దు దుక్కి మానిన దినములలోను మేత వేయవలెనని నారాయణవలస సంతలో ఎడ్లు కొను రైతులకు నేను చెప్పవలెనా? మనుష్యుని విషయమున ఆ ధర్మము మనకు ఏల తోపకుండెను?

మార్గము లేదని నిరుత్సాహపడ నక్కరలేదు. మన కోటబొమ్మాళి రైలు మార్గముననే ఆమదాలవలస ఉన్నది. ఆ ప్రాంతపు బాలిక కరణం మల్లీశ్వరి చిన్నవయసున బరువులెత్తుట అభ్యసించెను. ఆమెకు కుస్తీ కాదు, బరువులెత్తుట విద్య. కాని తాలింఖానా తల్లి ఒక్కటే. నీలంశెట్టి అప్పన్నగారు ఆమెకు గురువు. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కంచు పతకము పొందెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతీయ స్త్రీ మన జిల్లా ఆడబిడ్డయే. పోటీల కాలము ముగిసిన పిమ్మట ఆమెకు ఉద్యోగముండెను. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నియమింపబడెను. రామమూర్తిగారికిని ఈమెకును బలములో గాక, బలము తరువాతి బ్రతుకులో ఎంత భేదమో చూడుడు.

విశాఖ సముద్రతీరమున రామమూర్తిగారి విగ్రహమున్నది. శ్రీకాకుళమున ఆయన పేర క్రీడాప్రాంగణమున్నది. సంతోషమే. కాని విగ్రహమునకు వేసిన దండ బ్రతికియున్న శిష్యుని ఆకలి తీర్చదు. గ్రామపెద్దలు చేయదగిన పనులు మూడు. ఊరిలో తాలింఖానా స్థలమున్నచో, అంగళ్ల అద్దెలకు ఆశపడి దానిని పోనీయకుండుట మొదటిది. జాతర చందాలో కొంత తీసి, నేర్పు వస్తాదునకు ఏడాది పొడుగున జీతమిచ్చుట రెండవది. ఒక్కనాటి బహుమానముకన్న అది మేలు. సాముచేయు పిల్లవాడు చదువు గాని చేతిపని గాని విడువకుండ తల్లిదండ్రులకు బోధించుట మూడవది. నలుబది యేండ్లు దాటిన తరువాత ఎవరి కండ వానికి అన్నము పెట్టదు, విద్య పెట్టును.

సంగిడి రాయిని ఒక్కడే ఎత్తును. వానిని ఎత్తుకొనవలసినది ఊరు.