విప్పి మళ్లీ కట్టగల ఇల్లు: థాయ్ వడ్రంగం నడిచిన దారి



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ చేరామో ఆ మాస్టారు పాఠం మధ్యలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగేవారు: ఈ ఇల్లు వద్దనుకున్న రోజున దీన్ని ఏం చేస్తారు? కట్టడం నేర్చుకోవడానికి వచ్చిన మాకు అది వింతగా తోచేది. పర్యావరణానికి మేలు చేసే నిర్మాణం గురించి ఈ కాలంలో ఎన్నో సదస్సులు జరుగుతున్నాయి. ఆ ప్రశ్నంత లోతుకు దిగినవి వాటిలో తక్కువ. దానికి తమ పనితోనే జవాబు చెప్పినవాళ్లు థాయ్ వడ్రంగులు. అందుకే ఈ ఉపన్యాసానికి వాళ్ల చరిత్రను ఎంచుకున్నాను.

1351లో అయుత్తయ సయాం, అంటే నేటి థాయ్‌లాండ్, రాజధాని అయింది. 1767లో బర్మా సేనలు నాశనం చేసేదాకా, అంటే నాలుగు వందల ఏళ్లకు పైగా, ఆ హోదాలోనే ఉంది. చుట్టూ చావ్ ఫ్రయా నదీ మైదానం. ఏటా వానాకాలం చివర నది పొంగి పొలాలను ముంచుతుంది. వరి పండేది ఆ నీటితోనే. అందుకని అక్కడి రైతు నీటిని ఆపాలని చూడలేదు, ఇంటినే స్తంభాల మీదికి ఎత్తాడు. వరద వస్తే కింద పడవ కట్టుకుంటాడు. నీరు తీసేశాక అదే చోట మగ్గం వేసుకుంటాడు, పశువులను కట్టుకుంటాడు, ఎండపూట నీడన కూర్చుంటాడు. వాస్తుశిల్పి సుమేత్ జుమ్‌సాయ్ 1988లో వెలువరించిన ‘నాగ’ అనే గ్రంథంలో థాయ్ సంస్కృతి మూలాలను నీటి మీది బతుకులోనే వెతికారు. అయుత్తయలో ఇటుక, సున్నం ఎక్కువగా గుడులకు పోయాయి. సామాన్యుల ఇళ్లు కొయ్యవి, వెదురువి. శిథిలాలు చూడబోయిన వారికి గుడులే కనిపించి ఊరు కనిపించకపోవడానికి కారణం అదే.

ఆ ఇళ్లు రెండు రకాలు. పేదవాడిది వెదురు ఇల్లు. వెదురు గడలను పేము చీలికలతో కట్టి, పైన గడ్డి గానీ నీపా తాటాకు గానీ కప్పుతారు. కొన్నేళ్లకు పాడైన భాగం మార్చుకుంటే సరిపోతుంది. ఆ వెదురు పొద ఊళ్లోనే ఉంటుంది. కలిగినవాడిది టేకు ఇల్లు. దాని పనితనం దగ్గర కాసేపు ఆగుతాను.

టేకు ఇంట్లో గోడలు స్తంభాల మధ్య కట్టుకుంటూ పోయేవి కావు. ఒక్కో గోడను నేల మీదే చట్రంలో చిన్న పలకలు బిగించి తయారుచేస్తారు. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి కాబట్టి గోడలూ వాలుతాయి. ఆ వాలు వల్ల చట్రమంతా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది. ఒక కొయ్య చివరను చెక్కి, మరో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దించి, చెక్క మేకు కొడతారు. ఇనుప మేకుల అవసరం రాదు. కప్పు నిటారుగా ఉంటుంది. వాన నిలవదు, వేడి గాలి పైకి పోతుంది. చూరు బాగా కిందికి దిగి గోడకు నీడ పడుతుంది. గది నేల కంటే వరండా సుమారు 40 సెంటీమీటర్లు కిందికి, వరండా కంటే అరుగు మరో అంత కిందికి ఉంటాయి. ఆ సందుల్లోంచి కింది చల్లగాలి గదిలోకి వస్తుంది. ఆ మెట్టు మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కొలతలన్నీ ఒంటివి: మన జాన, మూర, బారల్లాంటివే. 1923లో ప్రభుత్వం వాటిని మీటర్ల లెక్కకు కట్టి మూరను అర మీటరుగా, బారను రెండు మీటర్లుగా నిర్ణయించింది.

భాగాలన్నీ సిద్ధమయ్యాక ఇరుగుపొరుగు చేరి ఒక్క రోజులో ఇల్లు నిలబెట్టేసేవారు. అంత సులువుగా నిలబెట్టినదాన్ని విప్పడమూ సులువే. కూతురికి పెళ్లైతే అదే అరుగు చుట్టూ ఇంకో ఇల్లు వెలుస్తుంది. స్థలం మారితే ఇంటిని భాగాలుగా విప్పి పడవలకెక్కించి తీసుకుపోతారు. కొయ్య ఒక్క ఇంటితో తీరిపోయే సరుకు కాదు, తరాల ఆస్తి. నా దృష్టిలో థాయ్ వాస్తుశిల్పం ప్రపంచానికి ఇచ్చిన అతి పెద్ద కానుక ఈ విప్పదగిన గుణమే. పర్యాటకుల కెమెరాలు వెతికే కొమ్ము తిరిగిన కప్పులు దీని తర్వాతే.

ఈ గుణానికి బాంకాక్‌లో కళ్లెదుట సాక్ష్యం ఉంది. పట్టు వ్యాపారి జిమ్ థాంప్సన్ ఆరు పాత టేకు ఇళ్లను సేకరించి, 1959 నాటికి ఒక కాలువ ఒడ్డున ఒకే నివాసంగా కూర్చాడు. ఒకటి ఎదుటి ఒడ్డున ఉన్న నేతగాళ్ల పేట బాన్ క్రువాది. మరికొన్ని అయుత్తయ వైపు నుంచి నీళ్ల మీదుగా వచ్చాయి. వాటిని తిరిగి కట్టే వడ్రంగుల కోసం కూడా అయుత్తయకే కబురు పెట్టవలసి వచ్చింది. ఇళ్లు దొరికాయి కానీ, రాజధాని నగరంలో ఆ చేతిపని తెలిసినవారు అప్పటికే కరవయ్యారు.

ఆ కరవు ఎలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దం చివర బాంబే బర్మా, బోర్నియో కంపెనీల లాంటి సంస్థలు ఉత్తర సయాం టేకును నరికించి నదుల మీదుగా దించాయి. 1896లో అటవీ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి బర్మా నుంచి వచ్చిన బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ స్లేడ్. తరాల తరబడి ఒక కుటుంబానికి నీడనివ్వగల మాను, ఓడల మీద పరిచే చెక్కకోసం సముద్రం దాటింది. 1913లో సయాం సిమెంట్ కంపెనీ మొదలైంది. ఆధునికమంటే సిమెంటే అన్న భావన బలపడింది. 1961లో దేశ భూభాగంలో 53 శాతం ఉన్న అడవి 1989కి 28 శాతానికి పడిపోయింది. 1988 నవంబరులో దక్షిణాన నఖోన్ సి థమ్మరాత్‌లో కురిసిన వానలకు చెట్లు కొట్టేసిన కొండవాలు జారింది. మట్టితో పాటు దుంగలు ఊళ్ల మీద పడ్డాయి. వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజ అడవుల్లో కలప నరకడాన్ని నిషేధించింది. కాబట్టి ఇవాళ టేకు ఇంటిని పొగుడుతూ అందరినీ అదే కట్టుకోమనడం అన్యాయం. వారసత్వంగా తీసుకోవలసింది ఆ చెక్కను కాదు, ఆ పద్ధతిని.

తీసుకున్నవాళ్లు ఉన్నారు. చియాంగ్ మై దగ్గరి పన్యాదెన్ పాఠశాలను వెదురుతో, మట్టితో కట్టారు. 2017లో అక్కడ లేచిన వెదురు క్రీడాశాల వైశాల్యం 782 చదరపు మీటర్లు. లోపల ఒక్క స్తంభం కూడా అడ్డం లేకుండా 17 మీటర్లకు పైగా కమాను. ఆ వెదురు కమానులను ముందే నేల మీద తయారుచేసి, తర్వాత ఎత్తి నిలబెట్టారు. పాత వడ్రంగి గోడ పలకలను సిద్ధం చేసిన తీరే అది. వెదురు మూడు నుంచి ఐదేళ్లలో పనికొస్తుంది. పురుగు పట్టకుండా బోరాక్స్ ఉప్పుతో శుద్ధి చేస్తే చాలాకాలం నిలుస్తుంది.

యసోథోన్ రైతుబిడ్డ జోన్ జాన్‌దై అమెరికాలో పచ్చి ఇటుక ఇళ్లు చూసి వచ్చి, మట్టిలో ఊక కలిపి కాళ్లతో తొక్కి ఇల్లు కట్టడం సొంత దేశంలో వందల మందికి నేర్పాడు. అప్పు లేకుండా సొంత చేతులతో ఇల్లు కట్టుకోవచ్చని చూపించడం నాకు ఏ పురస్కారం కంటే గొప్పగా కనిపిస్తుంది. బూన్‌సెర్మ్ ప్రేమ్‌థాడా నఖోన్ పథోమ్‌లోని కంతనా చలనచిత్ర విద్యాసంస్థకు చేత్తో అచ్చుపోసిన ఇటుకలను లక్షల్లో వాడాడు. యంత్రం ముందు ఓడిపోతున్న బట్టీలకు దాంతో పని దొరికింది.

ఫెచ్చబురి గారపనివారి సంగతీ చెప్పాలి. వాళ్లు సున్నంలో ఇసుక, తాటిబెల్లం, తోలుజిగురు, నార కలిపి దంచి ఆ ముద్దతో గుడి గోడల మీద బొమ్మలు మలుస్తారు. మన గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ రసం పోసిన మేస్త్రీలు ఆ పని చూస్తే వెంటనే గుర్తుపడతారు.

సముద్రతీరపు విలాస విడిదుల్లో కాంక్రీటు మీద గడ్డి పరిచి దాన్ని ప్రకృతి నిర్మాణం అంటున్నారు. అది అలంకారమే. 2011 వరదల్లో అయుత్తయ చుట్టుపక్కల పారిశ్రామిక వాడలు వారాల తరబడి నీటిలో ఉన్నాయి. దేశం మొత్తం మీద 800 మందికి పైగా చనిపోయారు. పూర్వులు ఇళ్లను స్తంభాలకెత్తిన మైదానంలో ఇప్పటివాళ్లు నేలకు అంటించి కట్టారు. గడ్డికప్పు కాదు, ఆ స్తంభం వెనక ఉన్న ఆలోచన కావాలి.

వాస్తుశిల్పం చదువుకుంటున్న విద్యార్థులకు ఒక విన్నపం. తెలుగు నేల మీద మట్టిమిద్దెలు, పెంకుటిళ్లు, కోస్తాలోని చుట్టిళ్లు వేగంగా పోతున్నాయి. మీ ఊళ్లో ఒకదాన్ని కూల్చబోతున్నారని తెలిస్తే ముందు అక్కడికి వెళ్లండి. కొలతలు తీయండి, వాసాలు, దూలాలు ఎలా కలిశాయో గీయండి, కట్టిన మేస్త్రి బతికి ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. గానుగ సున్నం తిప్పగల చేయి ఎక్కడైనా ఉంటే ఒక వేసవి అక్కడ పని నేర్చుకోండి. రేపు మీరు కట్టించే ఇళ్లలో అలాంటి చేతులకు ఇంజనీరుకు ఇచ్చే గౌరవం, పనికి తగిన కూలి ఇప్పించండి.