కూడవెల్లి సంగమము



కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలోని సంగమేశ్వరాలయము బాదామి చాళుక్యుల కాలమునాఁటిది. 1981లో శ్రీశైలపు ఆనకట్ట పూర్తియైన పిదప ఆ తావు జలాశయపు నీట మునిఁగినది. ఆలయము మునుఁగకుండుటకై రాతికి రాయి విప్పి, అలంపురమునకుఁ గొనివచ్చి, మరల నిలిపిరి.

నా తల్లిదండ్రులకు ఆ కూడలి ప్రాణము. కార్తికమాసమున తండ్రిగారు అచ్చట స్నానమాడి పితృతర్పణము విడుచుచుండిరి. తల్లిగారు అరఁటిదొప్పలో దీపముంచి నీట విడిచి, అది కనుమఱుఁగగుదాఁక కదలెడివారు కారు.

అలంపురమున గుడి నిలిచిన పిమ్మట వారిని తోడ్కొని పోయితిని. తండ్రిగారు గోడను తడవి, "రాళ్లు అవియే నాయనా! ఆ రెండేళ్ల చప్పుడేది?" అనిరి. అమ్మ, "స్వామియే తరలి వచ్చెఁగదా, మనము రావలదా?" అని అచ్చటనే దీపము వెలిగించినది.

నేఁడు వారిరువురును లేరు. ఏఁటేఁట తిథినాఁడు నేను అలంపురమేఁగి, తుంగభద్రలో స్నానమాడి, ఆ గుడిలో దీపముంచుచున్నాను. వెంట వచ్చు మనుమలు కూడవెల్లిని చూచి యెఱుఁగరు. తాతగారు తర్పణము విడిచిన రేవు ఎట్లుండెనో, రెండు నీళ్లు ఎట్లు కలిసెడివో వారికిఁ జెప్పుచుందును.

మీ పెద్దలు ప్రేమించిన చెరువుగట్టో, రావిచెట్టో మీ యూర నుండవచ్చును. మనుమల చేయి పట్టుకొని ఒక్కమాఱు అచ్చటికిఁ గొనిపొండు. అది చెడకమునుపే చూపుఁడు.