శివారు చేనుకు నీరు

ధవళేశ్వరం దగ్గర నీరు తగ్గితే మన కోనసీమలో ముందు గోల పెట్టేది శివారు ఆయకట్టు రైతే. రాజోలు వైపు వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గుండె జబ్బున్న మనిషి మెదడుదీ ఇంచుమించు అదే అవస్థ. ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా, మెదడు సుమారు 20 శాతం ప్రాణవాయువు వాడుకుంటుంది. గుండె నీరసిస్తే దానికి రక్తం చాలక మతిమరుపు రావచ్చు. అప్పుడు మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండదు. ముప్పు మళ్లీ గుండెకే.

గుండెకూ, మెదడుకూ మేలు చేసేది నడక. అయినా గుండెపోటు వచ్చినాయన్ని నెలల తరబడి మంచం దిగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్రేమే, కానీ పొరపాటు. నడక రక్తపోటును, చక్కెరను అదుపులో పెడుతుంది. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏడాదిపాటు నడిచిన వృద్ధుల మెదడులో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది. వాళ్లు ప్రత్యేకించి గుండె రోగులు కారు, అది గమనించాలి.

ముందు డాక్టరుగారిని అడగండి. ఎండ ఎక్కకముందే కాలవ గట్టు మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. మాట్లాడగలిగేంత వేగం చాలు. కొబ్బరిచెట్టు ఎక్కమని ఎవరూ అనడం లేదు! ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగిపోయి వెంటనే 108కి ఫోన్ చేయండి.